చేతుల మీద నీళ్లు పోస్తుండంగ

మా దిక్కు ఆడోళ్ల ఏడుపుకు మాటలుంటయి. ఉత్తగ కన్నీళ్లు కారిస్తే దాన్ని ఏడుపు అనరు. పోయిన మనిషి ఎట్ల నడుస్తుండె, ఏం తింటుండె, ఎవర్ని ఏమని పిలుస్తుండె, అన్నీ రాగం దీసి చెప్పాలె. వినేటోళ్ల కండ్ల ముంగట ఆ మనిషి తిరగాలె. మా ఇంటాయన పోయిననాడు నేను ఏడ్చిన ఏడుపు వాడవాడంత వినవడ్డదని ఇప్పటికీ చెప్తరు. గొప్పకు చెప్తలేను. అది ఆలు చెయ్యవలసిన పని, చేసిన. చేసినంక లేచి, ఆకలికి నకనకలాడుతున్న బిడ్డకు అంబలి పోసిన.

గా బిడ్డనే, ఇరవై ఏండ్లు నిండీ నిండకముందే తన మొగని పీనుగ ముంగట కూసోని ఒక్క మాట అనలే.

తెలంగాణ లొల్లి నడిచిన ఏడు పుట్టింది నా బిడ్డ. ఒక్కతే. నేను మంచిర్యాలల బీడీలు చేసి సాదిన. పదో తరగతిల ఉండంగనే పెద్దపల్లి దిక్కు నుంచి సంబంధం వస్తే, పరీక్ష కూడ రాయకుండనే పెండ్లి చేసిన. ఎడ్లున్న ఇల్లు, వరి పండే భూమి, పిలగాడు నెమ్మదస్తుడు. ఇంటి ఎనుకనే బాయి, బాయి మీద మోటరు. ఇంతకన్న ఏం గావాలె అనుకున్న.

ఆ మోటరే తీసుకపోయింది. అప్పట్ల పొలాలకు కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో దేవునికి సుత తెల్వకుండె. వచ్చినప్పుడు ఎక్కడోళ్లు అక్కడ వదిలిపెట్టి బాయికాడికి ఉరుకుడే. నా అల్లుడు సుత ఒక పగటిపూట అట్లనే ఉరికిండు. స్టార్టరు డబ్బా మీద చెయ్యి పెట్టిండు. గంతే.

ఆ పొద్దు ఆయన తల్లి, అంటే నా వియ్యపురాలు, ఇంట్ల లేదు. చెల్లె బిడ్డ పెండ్లికని మొగనితోని వేరే ఊరు పోయింది. కబురు అంది వచ్చేసరికి పొద్దుగూకింది. అరుగు మీద కొడుకును పడుకోబెట్టి ఉన్నరు. ఆమె వాకిట్ల అడుగు పెట్టంగనే ఎత్తుకున్న ఏడుపు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. చిన్నప్పుడు బర్రె మీద కూసోని ఎట్ల వస్తుండె, తడిసిన తలతోని వచ్చి ఆమె కొంగుకు ఎట్ల తుడుచుకుంటుండె, ఒక్కొక్కటే చెప్పుకుంట ఏడ్చింది. వచ్చిన ఆడోళ్లంత ఆమెతోని గొంతు కలిపిండ్రు. నేనూ కలిపిన. తల్లి ఏడ్చుడు అయినంక కోడలు ఎత్తుకోవాలె. అది పద్ధతి.

నా బిడ్డ గోడకు ఆనుకోని కూసున్నది. కండ్లు ఎండిపోయి ఉన్నయి. తన రెండు చేతులు తానే చూసుకుంటున్నది.

"ఏడువు బిడ్డా," అని చెవుల చెప్పిన. పలకలే. తొడ గిల్లిన. కదలలే.

"సదువుకున్నది గదా, సిగ్గేమో," అన్నది ఒకామె.

"మొగుడు పోయినంక సిగ్గేందే," అన్నది ఇంకొకామె.

వియ్యపురాలు ఏడుపు ఆపి కోడలి దిక్కు తిరిగింది. "ఏం గుండెనే నీది? రాయా? నువ్వొక్కదానివే ఉంటివి ఇంట్ల. నా కొడుకు గురించి ఒక్క ముచ్చట లేదా నీ నోట్ల?"

దినాలు అయ్యేదాక ఇదే నడిచింది. పలుకరియ్య వచ్చిన ప్రతి మనిషి ముంగట ఆమె అదే అడుగుడు, నా బిడ్డ అట్లనే కూసునుడు. పెద్దదినం కాంగనే నేను బిడ్డ చెయ్యి పట్టుకోని లేపిన. "మా ఇంటికి తోల్కపోతున్న," అన్న. వియ్యపురాలు వద్దనలే, పొమ్మనలే. మొఖం తిప్పుకున్నది.

మంచిర్యాలల ఇంట్లకొచ్చినంక నా బిడ్డ నోరు విప్పేది అవసరానికే. ఉప్పు అయిపోయింది అంటుండె. నల్లా వచ్చింది అంటుండె. చాట ఒళ్లె పెట్టుకోని నాతోపాటు బీడీలు చుడుతుండె. పని సాఫ్ గ ఉంటుండె, ఒక్క ఆకు పాడు చెయ్యకుండె. రెండు మూడు నెలలు చూసిన. తల నిమిరి ఓదార్చుడు నాకు రాదు. చిన్నప్పుడు నన్నెవరూ నిమరలే, నేర్చుకోలే.

"ఏడ్వరానిదానివి సదువన్న సదువుకో," అన్న ఒకనాడు. "పదోది పాసైతే నర్సు ట్రైనింగు ఇస్తరంట. నా లెక్క పొగాకు దుమ్ము మింగుకుంట ముసలిదానివి అయితవా?"

"సరే అవ్వా," అన్నది. సరే అనుడు కూడ ఉప్పు అయిపోయింది అన్నట్టే అన్నది.

మా ఇంటి ఎనుక అర్రల ఒక టీచరమ్మ కిరాయికుంటుండె. ఆడపిల్లల బడిల ఇంగ్లీషు చెప్తుండె. తురుకలామె, పెండ్లి చేసుకోలే, నా ఈడుదే. నన్ను అక్కా అని పిలుస్తుండె. సాయంత్రాలు మా అరుగు మీదనే పిల్లలకు ట్యూషన్ చెప్తుండె, ఎందుకంటే ఆమె అర్రల గాలి రాదు. వాళ్లల్ల నా బిడ్డను కూడ కూసోబెట్టిన. అంత పెద్దది, పావడాల పిల్లల నడుమ, కొంగు నిండ కప్పుకోని కూసుంటుండె.

నేను దర్వాజ కాడ చాట పెట్టుకోని వింటుంటి. నేను సదివింది రెండో తరగతి. తెలుగు అక్షరాలు కూడబలుక్కోని సదువుత. ఇంగ్లీషు నాకు చెవుల మీదికెళ్లి పోయేదే. కాని ఒక పాఠం మాత్రం చెవులల్ల నిలబడ్డది, ఎందుకంటే ఆ పాఠం వాళ్లు వానలు పడ్డ నెలంత సదివిండ్రు.

"అరే, జర దిమాక్ పెట్టుండ్రి," అనేది టీచరమ్మ. "ఒక పని నడుస్తుండె. అయిపోలే. నడుమల ఇంకోటి వచ్చి పడ్డది. నడుస్తున్న పనికి వాజ్ పెట్టాలె, ఎనుక ఇంగ్ తగిలియ్యాలె. ఐ వాజ్ ఈటింగ్. నేను తింటుంటి. అయిందా తినుడు?"

"కాలే టీచర్!"

"గెస్ట్స్ కేమ్. సుట్టాలొచ్చిండ్రు. వచ్చుడు అయిందా?"

"అయింది టీచర్!"

నాకు నవ్వొచ్చింది. "ఇంత దానికి పుస్తకమెందుకు టీచరమ్మా? తింటుండంగ సుట్టాలొచ్చిండ్రని మేం రోజు అంటనే ఉంటం గదా," అన్న.

"నువ్వు మా బడికి రా అక్కా, హెడ్మాస్టరును చేస్తరు," అన్నది. పిల్లలు పకపక నవ్విండ్రు.

తర్వాత ఒక్కొక్కరు ఒక్కో మాట సొంతంగ చెప్పాలె. ఒక పిల్ల లేచి, మా అవ్వ నన్ను కొడుతుండె, బాపు వచ్చిండు అని ఇంగ్లీషుల చెప్పింది. "శభాష్. బాపు వచ్చి ఆపిండా మరి?" అని అడిగింది టీచరమ్మ. "లే టీచర్. బాపు సుత కొట్టిండు," అన్నది పిల్ల. అరుగంత నవ్వు. నా బిడ్డ నవ్వలే.

ఇంకోనాడు టీచరమ్మ కొత్త ముచ్చట చెప్పింది. పెద్దోళ్లను ఏమన్న అడగాలంటే ఇంగ్లీషోళ్లు దీన్నే వాడుతరంట. సెలవు కావాలె అని మొఖం మీద అనరంట. సెలవు అడుగుదామనుకుంటుంటి అంటరంట. ఇప్పుడే అనుకుంటున్నా సరే, జర ఎనుకకు జరిపి అంటే అవతలోళ్లకు తాకకుండ ఉంటదంట. "మేం అడిగేదుంటే అడుగుతం," అన్న నేను. "అందుకే నీతోని అందరు కొట్లాడుతరు," అన్నది టీచరమ్మ. ఆమె ఒక్కతే నన్ను గట్ల అనగలిగేది.

నా బిడ్డ వంతు వస్తే టీచరమ్మ ఆమెను దాటేసి పక్క పిల్లను లేపుతుండె. నేను చూసీ చూడనట్టు ఉంటుంటి.

ఒకనాడు ముసురు పట్టింది. పిల్లలు సగం మందే వచ్చిండ్రు. టీచరమ్మ ఎప్పటి లెక్కనే దాటేసి పక్క పిల్ల పేరు పిలిచింది. ఆ పిల్ల లేవకముందే నా బిడ్డ లేచి నిలబడ్డది. ఎవరూ లేవమనలే.

ఏందో చెప్పింది. నాకు సమజైనయి రెండే మాటలు. వాటర్ అన్నది, హ్యాండ్స్ అన్నది. నీళ్లు, చేతులు. మిగిలినయి తెల్వయి. కాని ఆమె గొంతు తెలుసు. ఒక్కొక్క మాట చివర వాషింగ్, పోరింగ్ అని గొంతు లేపి దించుతున్నది, మేం ఏడ్చేటప్పుడు ఒక్కొక్క మాట చివర కొడుకా అని, బిడ్డా అని లేపి దించినట్టే. నా చేతుల ఉన్న ఆకు నలిగిపోయింది. అన్నేండ్లల్ల నేను పాడు చేసిన ఆకు అదొక్కటే కావచ్చు.

నాలుగు మాటలు చెప్పింది. ఐదోదానికి కరెంట్ అన్నది. అక్కడ ఆగింది. నోరు తెరిచే ఉన్నది, మాట రాలే. పిల్లలు టీచరమ్మ మొఖం చూసిండ్రు. ఒక్కరూ నవ్వలే.

"బస్ బిడ్డా," అన్నది టీచరమ్మ. "చాలు. కూసో."

తప్పులు దిద్దలే. తప్పులుంటే ఊకునే మనిషి కాదు ఆమె.

తెల్లారి నేను అంట్లు తోముతుంటే టీచరమ్మ వచ్చి పక్కన గొంతుక్కూసున్నది. "అక్కా, నిన్న నీ బిడ్డ ఏం చెప్పిందో తెలుసా నీకు?"

"తెల్వది. చెప్పు."

చెప్పింది. నా మొగడు చేతులు కడుగుతుండె. నేను నీళ్లు పోస్తుంటి. అన్నం పొగలు కక్కుతుండె. ఆయన నవ్వుతుండె. ఇది నా బిడ్డ చెప్పిన ముచ్చట. ఐదోది, కరెంటు అనే మాట కాడనే ఆగింది. మిగిలింది ఎవరూ చెప్పకున్న నాకు సమజైంది, ఆయన తడి చేతులతోనే ఉరికిండు.

నా చేతిల బూడిద అట్లనే ఉండిపోయింది. అందరు కరెంటును తిట్టిండ్రు, స్టార్టరు డబ్బాను తిట్టిండ్రు. చేతులు తడిగ ఉండెనని ఎవ్వరికి తెల్వదు. పోసింది నా బిడ్డ. ఆ మాట పొద్దూమాపూ పండ్ల నడుమ పట్టుకోని కూసున్నది. గందుకే ఆనాడు చేతులు చూసుకున్నది. అయ్యో, మొగనికి చేతులు కడుగ నీళ్లు పోసుడు ఏం తప్పు? ఏ ఆలు పొయ్యది?

కాని నాకు వియ్యపురాలు కండ్లల్ల మెదిలింది. ఆమె చెవుల పడితే ఇగ ఊరంత ఒకటే పాట. కోడలు నీళ్లు పోసి సంపింది. ఇంట్లకు పోయి బిడ్డను అడిగిన. "నిన్న ఇంగ్లీషుల అన్న ముచ్చట మీ అత్తగారింట ఎన్నడన్న అన్నవా?"

"లే అవ్వా."

"అనకు. సచ్చేదాక అనకు."

ఆమె నా దిక్కు చూసింది. "నేను తెలుగుల ఎవ్వరికి చెప్పలే అవ్వా. తెలుగుల నోరు రాలే," అన్నది. నెలల సంది నాతోని అన్న పెద్ద మాట అదే.

ఆ తర్వాత పరీక్షలు రాసింది. ఇంగ్లీషుల గట్టెక్కింది, లెక్కలల్ల తప్పింది, మల్ల కట్టి రాసింది. నర్సు ట్రైనింగు అయి ఆదిలాబాద్ దిక్కు గూడేలల్ల కొలువు చేసింది. అదంత తర్వాతి ముచ్చట. నేను చెప్పేది ఏడాది మాసికం నాటిది. ఆ మాసికానికి రమ్మని వియ్యపురాలే మనిషిని పంపింది.

ప్యాసింజరు బండిల పోయినం. గోదారి బ్రిడ్జి మీద పక్కన కూసున్నామె నీళ్లల్ల పైసలు ఏసి దండం పెట్టింది. నీళ్లల్ల ఏసిన పైస ఎవరికి అక్కెరకొస్తదని నేను ఉత్త దండమే పెట్టిన. నా బిడ్డ దండం కూడ పెట్టలే. పారుతున్న నీళ్లు చూస్తున్నది.

"యాదికున్నదా నేను చెప్పింది?" అన్న.

"యాదికున్నది."

వియ్యపురాలు సగం అయింది. గాజులు మోచేతులదాక జారుతున్నయి. అయ్యగారు వచ్చి వియ్యంకునితోని పిండాలు పెట్టిపిచ్చి, ఆయనను తీసుకోని చెరువుకు పోయినంక, సుట్టాలు ఇంకా దిగకముందు, ఇంట్ల మేం ముగ్గురమే ఉన్నం. ఎనుకింట్ల పొయ్యి మీద పెద్ద గుండిల అన్నం ఉడుకుతున్నది. ఆమె వచ్చి నా బిడ్డ ముంగట కూసున్నది.

"ఏడాదైంది," అన్నది. "ఊరోళ్లంత కరెంటు ముచ్చటే చెప్తరు. డబ్బా ముచ్చటే చెప్తరు. ఆఖరుకు నా కొడుకును చూసినదానివి నువ్వొక్కదానివే. నిన్ను ఏడువుమన్నది నీ కన్నీళ్ల కోసమా? నేను ఇంట్ల లేకపోతినే పోరీ. ఏమన్న చెప్తవేమో అని."

నేను నడుమల పడ్డ. "పోనీ వదినె, ఇయ్యాల ఎందుకు అయన్ని," అన్న.

నా బిడ్డ నా దిక్కు చూడలే.

"అత్తమ్మా," అన్నది. "నీకు ఒకటి చెప్దామనుకుంటుంటి."

నేను దగ్గిన. కొంగు గుంజిన. ఆగలే. తెలుగుల చెప్పుడు ఇదే మొదలు. మాట ఎనుక మాట పెడుతున్నది, బురదల అడుగులేసినట్టు.

"ఆయన పొలంల నుంచి వచ్చి గడప మీద కూసోని ఉండె అత్తమ్మా. నేను అన్నం పెడుతుంటి. మామిడికాయ తొక్కు ఏడుందని అడుగుతుండె. నువ్వు అటుక మీద దాచిపెట్టినవని చెప్తే నవ్వుతుండె. మా అవ్వ పెండ్లికెళ్లి వచ్చేలోపల అంత తింటం పట్టు అంటుండె. చేతులు చాపిండు. నేను నీళ్లు పోస్తుంటి. మోచేతులదాక బురదుండె, రుద్దుకుంటుండె. ఇంకిన్ని పొయ్యి అంటుండె. నేను పోస్తుంటి. పోస్తుండంగ లైటు బుగ్గ వెలిగింది. కరెంటొచ్చింది, నాటు ఎండుతున్నది అని లేచిండు. తుడుచుకోలే. తుడుచుకోమని నేను అనలే. తడి చేతులు అత్తమ్మా. నేను పోసిన నీళ్లు."

నేను కండ్లు మూసుకున్న. ఇగ పడుతదనుకున్న పిడుగు.

 వియ్యపురాలు తన కొడుకు కూసున్న గడప దిక్కు చూస్తున్నది.

"అంగి ఏది ఉండె?" అని అడిగింది.

"నీలం గీతలది."

"తొక్కు తిన్నడా?"

"ముద్ద కలపనే లే."

ఆమె తల ఊపింది. "చేతులు కడుగనిది కంచం ముట్టొద్దని నేర్పింది నేనే," అన్నది. "కడుగకపోతే చేతి మీద కొడుతుంటి, చిన్నగున్నప్పుడు. నీళ్లు నువ్వు పోసినవు, కడుగుమన్నది నేను." జారిన గాజులు పైకి దోసుకున్నది. "ఆ పొద్దు నేనేం చేస్తుంటినో తెలుసా? నన్నెవరన్న అడిగిండ్రా? మా చెల్లె ఇంట్ల లడ్డూలు కడుతుంటి. అందరం మంగళారతులు పాడుకుంట కడుతున్నం. నేనే గట్టిగ పాడుతుంటి. ఇక్కడ నా కొడుకు పానం పోతుండె. నేను లడ్డూలు కడుతుంటి బిడ్డా. నాకు తెల్వనే తెల్వది. తల్లికి తెలుస్తదంటరు గదా. నాకు ఏం తెల్వకుండె. నేను నవ్వుతుంటి."

నా బిడ్డ ఆమె మెడ చుట్టు చేతులేసింది.

ఏడాది సంది ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. రాగం లేదు, తీరు లేదు. మాటలు తప్పిపోతున్నయి, నడుమ నడుమ ఎక్కిళ్లు. మా వాడల ముసలోళ్లు వింటే గిదేం ఏడుపని నవ్వేటోళ్లు. నా బిడ్డకు వియ్యపురాలు మాట అందిస్తున్నది. నా కొడుకు నడుస్తుండె అని అత్త అంటే, బాయికాడికి నడుస్తుండె అని కోడలు అంటున్నది. కోడలు మరిచిన మాట అత్త ఎత్తుకుంటున్నది.

అన్ని ఏడుపులు వచ్చిన నాకు ఆనాడు ఒక్క మాట రాలే. ఆ అర్రల నాకు పని లేదు. పోయిన మనిషి వాళ్లిద్దరిది.

ఎనుకింట్ల నుంచి వాసన వచ్చింది. సుట్టాలు వచ్చే వేళైంది. వాళ్లు ఏడుస్తుండంగ నేను లేచిపోయి, కొంగుతోని గుండి పట్టుకోని, అన్నం మాడకముందే దించి గంజి వంచిన.